నల్ల గడియారం రెండో డిస్క్

అమ్మణ్ణికి తన తల్లి ఎలా పోయిందో తెలుసుగాని, ఎలా ఉండేదో తెలియదు. ఇంట్లో ఒక్క ఫొటో కూడా మిగల్లేదు.

తండ్రి అంకయ్యది రామచంద్రపురం దగ్గర పల్లె. పెళ్ళయిన కొత్తలో మద్రాసు వెళ్ళి సినిమా సెట్లకు వడ్రంగిపనిలో కుదిరాడు. భార్య మంగతాయారు రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని స్టూడియోకి వెళ్ళేది. గుంపులో నిలబడ్డానికి మనుషులు తక్కువైన రోజున ఎవరో ఆమెను పిలిచి నిలబెట్టారు. సన్నగా పొడుగ్గా ఉండేది, దేనికీ జంకేది కాదు. ఏడాది తిరక్కుండానే హీరోయిన్లకు డూపుగా గోడలు దూకడం, నీళ్ళలో పడడం ఆమె పనైపోయింది. 1968లో 'నల్ల గడియారం' అనే సస్పెన్సు సినిమా తీశారు. అందులో హీరోయిన్ అక్కను విలన్ మేడమెట్ల మీంచి తోసేసే సీను ఉంది. ఆ వేషం వేసినావిడ పడనంది. తాయారు పడింది. పడిన మనిషి మళ్ళీ లేవలేదని, అక్కడికక్కడే ప్రాణం పోయిందని చెప్పి అంకయ్య నాలుగేళ్ళ పిల్లను చంకనేసుకుని ఊరికి వచ్చేశాడు. మళ్ళీ మద్రాసు మొహం చూడలేదు.

పిల్లను అంకయ్య అక్క సూరాయమ్మ పెంచింది. ఆ సినిమా రామచంద్రపురం హాలుకు వచ్చినప్పుడు అమ్మణ్ణికి ఆరేళ్ళు. ఊళ్ళో వాళ్ళు బళ్ళు కట్టుకుని వెళ్ళి చూసొచ్చారు. అంకయ్య మాత్రం ఆ వారం రోజులూ వీధి తలుపు తీయలేదు. బళ్ళో పిల్లలు చుట్టూ చేరి, "మీ అమ్మ ఎలా పడిందో మేం చూశాం, నువ్వు చూళ్ళేదా?" అని అడిగేవాళ్ళు.  తర్వాత ఆ సినిమా ఎక్కడా ఆడలేదు. టీవీలు వచ్చాక కూడా ఎవరూ వెయ్యలేదు. ప్రింటు పోయిందన్నారు.

అంకయ్య పోయాడు. అమ్మణ్ణికి పెళ్ళయింది, భర్త లారీ ప్రమాదంలో పోయాడు, కూతురికి తనే పెళ్ళి చేసి, ముప్పై తొమ్మిదో ఏట ఒమన్ వచ్చింది. గోను తుపాను వచ్చిన మరుసటేడు, అంటే 2008లో, ఆమె అల్ ఖౌద్‌లో ఒక యూనివర్సిటీ మాస్టారి ఇంట్లో పనిచేస్తోంది. ఆ ఇంట్లో మాస్టారూ, ఆయన భార్య షంసా, వాళ్ళ ముగ్గురు పిల్లలూ, మాస్టారి తల్లీ ఉండేవాళ్ళు. యజమానురాలిని పనివాళ్ళు మామా, అంటే అమ్మా, అనాలి. ముసలావిడను ఇంటిల్లిపాదీ హబ్బూబా అనేవాళ్ళు, అంటే నాయనమ్మ. మోకాళ్ళు పట్టేసి ఆవిడ చక్రాల కుర్చీలోనే ఉండేది. అమ్మణ్ణికి ఆవిడ భాష సగం అర్థమయ్యేది, మిగతా సగం చేతులతో నడిచేది.

అల్ ఖౌద్ బజారులో కడప రియాజ్‌కు ఒక చిన్న షాపు ఉంది. ఫోన్ కార్డులు, సీడీలు అమ్మేవాడు. తెలుగువాళ్ళకు అది షాపు మాత్రమే కాదు, ఒకరి కబురు ఒకరికి అందే చోటు కూడా. ఆ ఏడాది వేసవి ముందు ఒక శుక్రవారం అమ్మణ్ణి కార్డు కోసం వెళ్తే, రియాజ్ కొత్త సీడీలను అట్టపెట్టెలోంచి తీసి పేరుస్తున్నాడు. పల్చటి కాగితం కవర్లు, పైన మాసిన పాత బొమ్మలు.

"అక్కా, పాత సినిమాలు కావాలంటే చెప్పు," అన్నాడు. "ఇండియాలో ఒక కొత్త కంపెనీ దిగింది. నలభై యాభై ఏండ్ల నాటి సినిమాలన్నీ టోకున కొనేసి, టీ సమోసా రేటుకే అమ్ముతా ఉండారు. ఒరిజినలే, దొంగ కాపీ కాదు. సస్పెన్సు సినిమాలంటే జనం పడి చస్తా ఉండారు. ఇంగా పద్దెనిమిది వస్తాయంట, ఇదో లిస్టు."

ఊరికే వినడానికి అన్నట్టు అతను లిస్టు చదవడం మొదలుపెట్టాడు. అమ్మణ్ణి ఫోన్ కార్డు వెనక నంబరు గీకుతోంది. ఏడో పేరు దగ్గర ఆమె గోరు ఆగిపోయింది.

"ఆ పేరు మళ్ళీ చదువు, రియాజూ."

"నల్ల గడియారం. ఏందక్కా, చూసినావా?"

"లేదు. మా అమ్మ అందులో చచ్చిపోయింది."

రియాజ్ నవ్వాడు. "అట్లనా! యాక్టింగ్ చేసిందా మీయమ్మ? ఏం వేషం?"

"వేషం కాదు. నిజంగానే."

రియాజ్ నవ్వు మొహం మీదే ఆరిపోయింది. లిస్టు మడిచి గల్లాపెట్టె కింద పెట్టి, దుబాయ్ సప్లయర్‌కు అప్పటికప్పుడు ఫోన్ చేశాడు.

సీడీ రావడానికి మూడు వారాలు పట్టింది. చివర్లో ఒకసారి, దొరకలేదని సప్లయర్ చెప్పాడన్నాడు రియాజ్. ఆ రోజు అమ్మణ్ణికి బాధ కలగలేదు. గండం తప్పినట్టయింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. మరునాడే రియాజ్ ఫోన్ చేసి వచ్చిందన్నాడు.

"అక్కా, నేను ముందు చూసి చెప్తా. నువ్వు చూడగల్గుతావో లేదో తేల్చుకోవాల గదా," అన్నాడు కవరు చేతిలో పట్టుకుని. "ఈ షాపు టీవీలోనే వేస్తా. ఎవరూ లేనప్పుడు."

"వద్దు బాబూ. ఆవిణ్ణి నాకన్నా ముందు ఊరంతా చూసేసింది. ఇంకెవరూ చూడక్కర్లేదు."

కవరులో రెండు డిస్కులు. పైన గడియారం, దాని వెనక ఒక ఆడమనిషి నీడ. కింద నటీనటుల పేర్లు. డూపుల పేర్లు ఎవరు వేస్తారు? అమ్మణ్ణి దాన్ని బట్టల అడుగున దాచింది. తొమ్మిది రోజులు ముట్టుకోలేదు. గిన్నెలు కడుగుతున్నా, పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేస్తున్నా, మెట్ల మీద ఎవరో నడుస్తున్నట్టు వినిపించేది. తల్లి చావు ఒక కాగితం కవర్లో, తన చీరల కింద, ఎప్పుడు తీస్తే అప్పుడు జరగడానికి సిద్ధంగా ఉంది.

ఆమెకు సొంత ప్లేయరు లేదు. ఉన్నది హాల్లోనే, మాస్టారిది. పనివాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. అంతకుముందు ఆ ఇంట్లో పనిచేసిన అమ్మాయి టీవీ రిమోట్ పాడుచేసిందని షంసా ఆమెను నెల తిరక్కుండా పంపేసింది. ఆ కథను అమ్మణ్ణికి మొదటిరోజే చెప్పింది, హెచ్చరికగా.

పదో రోజు శుక్రవారం. కుటుంబమంతా సుమాయిల్‌లో పెళ్ళికి బయలుదేరింది. ముసలావిడను తీసుకువెళ్ళలేమని అమ్మణ్ణికి అప్పజెప్పారు. "అసర్ నమాజు తర్వాత వస్తాం," అంది షంసా కారెక్కుతూ. అంటే నాలుగు దాటాకే.

అప్పటికి పదకొండయింది. అమ్మణ్ణి హబ్బూబాకు అన్నం పెట్టి, మందులు వేసి, పడుకోబెట్టబోయింది. ఆవిడ పడుకోనంది. కుర్చీని హాల్లోకి తొయ్యమంది. ఇక దారి లేదు. అమ్మణ్ణి కిటికీ తెర దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, మొదటి డిస్కు పెట్టింది.

బొమ్మ నిండా గీతలు. మనుషుల మొహాలు మసకగా ఉన్నాయి, ఓ మూల కంపెనీ పేరు కదలకుండా కూర్చుంది. మాట ఒక క్షణం ముందు, పెదవులు ఒక క్షణం తర్వాత. అయినా కథ లాగింది. పెద్ద మేడ, గంట కొట్టని గోడ గడియారం, ఆస్తి కోసం వచ్చిన మేనబావ. హబ్బూబాకు ఒక్క ముక్క తెలియకపోయినా కుర్చీలో ముందుకు వంగి చూస్తోంది. మేడమెట్లు కనిపించినప్పుడల్లా అమ్మణ్ణి టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిగేది. ఎవరో దిగేవారు, ఎవరో ఎక్కేవారు. ఎవరూ పడలేదు. మొదటి డిస్కు అయిపోయి, రెండో డిస్కు వెయ్యండి అని అక్షరాలు వచ్చాయి.

వేసింది. పావుగంట నడిచింది. తెర మీద కరెంటు పోయింది. హీరోయిన్ అక్క లాంతరు పట్టుకుని పై మెట్టు మీద నిలబడింది. వెనక చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చింది.

బొమ్మ అక్కడే బిగుసుకుపోయింది.

మెట్లు, లాంతరు, చెయ్యి అన్నీ గడులు గడులుగా విడిపోయాయి. ప్లేయరులోంచి గరగరమని చప్పుడు. అమ్మణ్ణి డిస్కు బయటకు తీసింది. అద్దంలాంటి వైపున సన్నటి జిగురు మరక. చవకరకం కవరు అంటుకున్న గుర్తు. తడిగుడ్డతో తుడిచింది, పొడిగుడ్డతో తుడిచింది, మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే చెయ్యి, అవే గడులు. టైము చూసింది. రెండున్నర. మూడోసారి కొబ్బరినూనె చుక్క వేసి జిగురు కరిగేదాకా దూదితో రుద్దింది. అలా రుద్దుతున్నప్పుడు, ఇది ఆగిపోయింది కదా, ఇంతటితో వదిలెయ్యొచ్చు కదా అని మనసు పీకింది. వదల్లేకపోయింది.

ఈసారి చెయ్యి ముందుకు వచ్చింది. తోసింది.

లాంతరు ఎగిరిపడింది. వెనక్కి తిరిగి ఉన్న ఒక సన్నటి మనిషి, పొడుగాటి జడ, మెట్ల మీద దొర్లుకుంటూ వచ్చింది. ఆ మనిషి వేరని కొత్తవాళ్ళకు కూడా తెలిసిపోతుంది. వేషం వేసినావిడ బొద్దుగా ఉంది, ఈవిడ వెదురుకర్రలా ఉంది. ఎక్కడా ఆగలేదు. చివరి మెట్టు దాటి నేల మీద బోర్లా పడింది. జడ విడిపోయి జుట్టు మొహాన్ని కప్పేసింది. అమ్మణ్ణి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు రాలేదు.  ఇదే. ఇంతే. ఇక్కడే.

"హాదా మా మౌత్," అంది హబ్బూబా తాపీగా.

ఇది చావలేదు అంటోంది ఆవిడ. సినిమా కథ గురించి మాట్లాడుతోందనుకుంది అమ్మణ్ణి. తెర మీద అప్పటికే బంధువులు ఏడుస్తున్నారు.

"చచ్చిపోయింది, హబ్బూబా. ఖలాస్."

"లా, లా. శూఫ్ ఈద్!" ముసలావిడ తన కుడిచెయ్యి ఎత్తి చూపించింది. కాదు కాదు, చెయ్యి చూడు అని. ఆ చేతిని తన మోకాలి మీద వేసుకుని, బట్టను కిందికి లాగినట్టు చేసింది.

అమ్మణ్ణి వెనక్కి తిప్పింది. మెల్లగా నడిపించే బొత్తాం ఎక్కడుందో వెతికి నొక్కింది. పడిన మనిషి కదలకుండా ఉంది. ఒకటి, రెండు, మూడు... నాలుగు లెక్కపెట్టేలోపు, బొమ్మ మారబోయే ముందు, కుడిచెయ్యి పాములా కదిలింది. మోకాలి పైకి తొలగిన చీర కుచ్చిళ్ళను పట్టుకుని కిందికి లాక్కుంది. అప్పుడే బొమ్మ మారి వేషం వేసినావిడ మొహం వచ్చింది, కళ్ళు మూసుకుని.

మళ్ళీ తిప్పింది. మళ్ళీ. ఐదోసారికి ఆమె నేల మీద కూలబడి ఉంది. చచ్చిపోయిన మనిషి చీర సర్దుకోదు.

బయట కారు హారన్ మోగింది.

ఇంకా నాలుగు కాలేదు. అమ్మణ్ణి ఉలిక్కిపడి లేచి బొత్తాం నొక్కింది. డిస్కు రాలేదు. మళ్ళీ నొక్కింది. లోపల గరగర. నూనె అంటిన డిస్కు ఎక్కడో పట్టేసింది. గేటు తీసిన చప్పుడు, పిల్లల మాటలు. వైరు పీకేసింది, పెట్టింది, నొక్కింది. రాలేదు. తలుపు తెరుచుకుంది. షంసా గుమ్మంలో నిలబడి తెర దించిన హాలును, వెలుగుతున్న టీవీని, ప్లేయరు ముందు మోకాళ్ళ మీద ఉన్న పనిమనిషిని చూసింది.

"ఏంటిది?" అంది అరబ్బీలో. గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది.

జవాబు హబ్బూబా చెప్పింది. ఏం చెప్పిందో అమ్మణ్ణికి మొత్తం అర్థం కాలేదుగాని, నేనే పెట్టమన్నాను అన్నది అర్థమైంది. ఆపైన ఇంకా చాలా చెప్పింది, చేతులు తిప్పుతూ. మెట్లు, తొయ్యడం, చీర లాక్కోవడం. ఆఖర్న, మిగతా సినిమా రేపు చూడాలి, పాడుచేశారంటే ఊరుకోను అని కొడుకుకేసి వేలు చూపించింది. మాస్టారు నవ్వి, స్క్రూడ్రైవరు తెచ్చి ప్లేయరు మూత విప్పాడు. షంసా నవ్వలేదు. డిస్కును రెండు వేళ్ళతో పట్టుకుని అమ్మణ్ణి చేతిలో పెట్టి, "ఇంకోసారి వద్దు," అంది. అంతటితో గట్టెక్కింది.

గట్టెక్కినట్టు ఆమెకు అనిపించలేదు. మరుసటి శుక్రవారం రియాజ్ షాపు షట్టరు సగం దించి ఆ ముక్కను టీవీలో పదిసార్లు వేశాడు.

"కదిలిందక్కా. నిజమే," అన్నాడు. తర్వాత కాసేపు తల గోక్కున్నాడు. "కాకపోతే ఒక మాట. వాళ్ళు ఒక్క తూరి తీసి ఊరుకోరు. ఇది ముందు తీసింది కావచ్చు. ఇది అయిపోయినాక ఇంగోతూరి పడమనింటారు. అప్పుడు..."

 అమ్మణ్ణి వారం రోజులుగా అదే మాట తనలో తను అనుకుంటోంది. తేల్చగలిగిన మనిషి ఒక్కతే మిగిలింది. మేనత్త సూరాయమ్మ.

సూరాయమ్మకు ఎనభై దగ్గరపడ్డాయి. మొదటిసారి ఫోన్ చేస్తే వినపళ్ళేదని పెట్టేసింది. రెండోసారి, "ఇప్పుడెందుకే ఆ గొడవ? పోయినోళ్ళు పోయారు," అంది. మూడోసారి అమ్మణ్ణి అడగలేదు, చెప్పింది.

"అత్తా, నేను సినిమా చూశాను. అమ్మ పడ్డాక చెయ్యి కదిపింది. చీర సర్దుకుంది."

అవతల కోడి ఒకటి అరిచింది.

"అత్తా, ఉన్నావా?"

"ఉన్నానే." గొంతు సన్నగా అయిపోయింది. "నాకేం తెల్దే అప్పుడు. ఆడు పోయే ముందు చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

"ఏం చెప్పాడు?"

"తుంటి ఎముక విరిగిందంట దానికి. పెద్దాసుపత్రిలో పడేశారంట. ఇంక నడవదన్నారంట డాక్టర్లు. ఆడికి ముందునుంచీ కోపమే, పదిమందిలో గెంతులేస్తందని. కుంటిదాన్ని ఎట్టుకుని ఏం చేస్కోను అనుకున్నాడో, మరేం అనుకున్నాడో... పిల్లని తీసుకుని వచ్చేశాడు. అది పోయిందని మనకి చెప్పాడు."

"మరి ఆవిడ నా కోసం రాలేదా అత్తా? ఒక్కసారైనా?"

సూరాయమ్మ ఏడవడం మొదలుపెట్టింది. "ఎలా వస్తదే? వచ్చే ముందు ఆసుపత్రికెళ్ళి చెప్పాడంట. పిల్లకి అమ్మవారు పోసింది, చచ్చిపోయింది అని."

అమ్మణ్ణి ఆ రోజు మధ్యాహ్నం చేపలు కడుగుతూ వేలు కోసుకుంది. నెత్తురు కారుతున్నట్టు హబ్బూబా చెప్పేదాకా తెలియలేదు. కోపం తండ్రి మీదా, అత్త మీదా అని తేల్చుకోలేకపోయింది. పదిహేనేళ్ళ కింద తండ్రి పోయాడు. అత్తకు నిజం తెలిసి పదిహేనేళ్ళయింది. ఆ పదిహేనేళ్ళలో తల్లి బతికే ఉందా? ఇప్పుడుందా?

రియాజ్ దుబాయ్ సప్లయర్ ద్వారా చెన్నైలో ఆ సీడీల డిస్ట్రిబ్యూటరు నంబరు పట్టాడు. అతని దగ్గర పనిచేసే సర్దార్ అనే ఆయన ఒకప్పుడు స్టూడియోల్లో ప్రొడక్షన్ పనిలో ఉన్నాడట. తాయారు అనే డూపు, తుంటి విరిగింది, గోదావరి మనిషి అని చెబితే, అడిగి చూస్తానన్నాడు. వారం గడిచింది. జూనియర్ ఆర్టిస్టుల పాత రిజిస్టర్లో ఇద్దరు తాయార్లున్నారని కబురు వచ్చింది. ఒకామె పోయింది. రెండో ఆమె సంగతి తెలియదు. ఇంకో రెండు వారాలు. ఆ రెండు వారాల్లో అమ్మణ్ణి, పోయినామే తన తల్లి అని ఒకరోజు నమ్మేది, కాదని మరో రోజు నమ్మేది. ఏ రోజూ నిలకడగా అన్నం తినలేదు.

జూలైలో ఒక శుక్రవారం ఎండ నిప్పులు చెరుగుతుండగా షాపుకు వెళ్తే, రియాజ్ ఒక కాగితం చేతికిచ్చాడు.

"సాలిగ్రామంలో ఉందంట ఒకామె. కర్రతో నడుస్తాది. ఆడోళ్ళకు జాకెట్లు కుడతాదంట. ఇది కింద కొట్టోళ్ళ నంబరు. పిలిస్తే వస్తాదన్నారు." అతను స్టూలు ముందుకు లాగాడు. "ఇక్కడే కూర్చోని చెయ్యి అక్కా. నేను బయట ఉంటా."

కొట్టతను తమిళంలో ఏదో అన్నాడు. తాయారమ్మ అని చెబితే, ఉండమని వెళ్ళాడు. కార్డులో నిమిషాలు కరిగిపోతున్నాయి. అమ్మణ్ణి చెవికి ఫోను అదిమిపెట్టుకుని వింటోంది. దూరంగా కర్ర చప్పుడు. ఒక అడుగు, ఒక కర్ర. దగ్గరకు వచ్చింది.

"ఎవరండీ మాట్లాడేది?"

తెలుగే. బొంగురు గొంతు. 

"నేను... అంకయ్య కూతుర్ని. అమ్మణ్ణిని."

 అవతలి గొంతు గట్టిపడింది. "ఎవరే నువ్వు? ఎవరు చేయిస్తన్నారు ఇది? నా పిల్ల పోయింది. నలభై ఏళ్ళయింది. పోయిన పిల్ల పేరు చెప్పి ఆటలాడతారా?"

"పోలేదమ్మా. నాన్న నీకు అబద్ధం చెప్పాడు. నువ్వు పోయావని నాకు చెప్పాడు. నేను బతికే ఉన్నాను."

"అలాగా. అయితే చెప్పు." ఆమె ఊపిరి బరువుగా వినపడుతోంది. "మనం కోడంబాకంలో ఉన్నప్పుడు పక్కవాటాలో ఒకామె ఉండేది. పొద్దున్న లేస్తే నువ్వు ఆవిడ ఒళ్ళోనే. ఆవిడ్ని ఏమని పిలిచేదానివి?"

అమ్మణ్ణి కళ్ళు మూసుకుంది. కోడంబాకం, పక్కవాటా. ఏమీ రాలేదు. ఒక గోడ, ఒక గొంతు, ఒక రంగు, ఏదీ లేదు. ఏదో ఒక పేరు చెప్పేస్తే? లక్ష్మత్తా అంటే? మామ్మా అంటే? తప్పయితే ఆమె ఫోను పెట్టేస్తుంది, మళ్ళీ ఎత్తదు. షాపు బయట రియాజ్ ఎవరినో లోపలికి రానివ్వకుండా ఆపుతున్నాడు.

"చెప్పు మరి!"

"తెలీదు." ఏడుపు తన్నుకొచ్చింది. "నాకేం గుర్తులేదమ్మా. ఆవిడా గుర్తులేదు, ఆ ఇల్లూ గుర్తులేదు. నీ మొహం కూడా గుర్తులేదు. ఏం చెప్పమంటావు?"

ఫోను పెట్టేసిన చప్పుడు కోసం ఎదురుచూసింది. రాలేదు.

అవతలి గొంతు, చాలా నెమ్మదిగా, "మోసం చెయ్యడానికొచ్చినోళ్ళయితే ఏదో ఒక పేరు చెప్పుండేవారు," అంది. మళ్ళీ ఆగి, "నాలుగేళ్ళ పిల్లకి ఎలా గుర్తుంటదిలే," అంది. ఆ తర్వాత ఏడుపే వినిపించింది. కొట్టతను తమిళంలో ఏమయిందమ్మా ఏమయిందమ్మా అని అడుగుతున్నాడు. కార్డు అయిపోయి లైను తెగిపోయింది. రియాజ్ లోపలికి వచ్చి ఇంకో కార్డు గీకి నంబరు తనే నొక్కాడు.

అమ్మణ్ణి సెలవు అడిగితే షంసా మొదట రంజాన్ అయ్యేదాకా కుదరదంది. కారణం మొత్తం విన్నాక మాత్రం అల్మరా తెరిచి పాస్‌పోర్టు తీసి బల్లమీద పెట్టింది. నలభై రోజులు ఇచ్చింది. హబ్బూబా కూడా అంతా విని, నేను ముందే చెప్పలేదా అంది.

సాలిగ్రామంలో మెట్లపక్క గదిలో అమ్మణ్ణి చూసిన మనిషికి పళ్ళు సగం ఊడిపోయాయి, జుట్టు కత్తిరించి ఉంది. మెడలో టేపు. ఆమె లేచి రాలేదు. దగ్గరకు రమ్మని పిలిచి, గడ్డం పట్టుకుని మొహం వెలుగుకేసి తిప్పి చూసింది. "ఆడి పోలికే," అంది కాస్త నిరాశగా. తర్వాత ఏడ్చింది.

ఆ సినిమా ఆమె ఎప్పుడూ చూడలేదట. పడిన రోజు గురించి మాత్రం ఒకటే చెప్పింది. పడ్డాక నొప్పి తెలియలేదు, చీర మోకాలి పైకి పోయిందని తెలిసింది. అంతమంది మగాళ్ళు చుట్టూ ఉన్నారు. కదిలావని డైరెక్టరు తిట్టాడు, మళ్ళీ తీద్దాం లే అన్నాడు. లేద్దామని చూస్తే కాళ్ళు రాలేదు. ఇక తియ్యడానికి మనిషి లేక అదే ఉంచేశారు.

నలభై రోజులూ సాఫీగా సాగలేదు. నాలుగోరోజే చేపల పులుసు దగ్గర మాటామాటా పెరిగింది. వంకాయ వెయ్యాలని ఒకరు, వద్దని ఒకరు. తాయారు తన గది వదిలి ఎక్కడికీ రానంది. అంకయ్య పేరెత్తితే లేచి అటు తిరిగి కూర్చునేది. సూరాయమ్మతో ఫోన్లో మాట్లాడమంటే మాట్లాడింది, అరనిమిషం. ఏమన్నదో అమ్మణ్ణికి చెప్పలేదు.

కాంట్రాక్టు మిగిలి ఉండడంతో అమ్మణ్ణి అల్ ఖౌద్ తిరిగి వచ్చి ఇంకో రెండేళ్ళు చేసింది. ప్రతి శుక్రవారం ఫోన్ చేసేది. నలభై ఏళ్ళకు సరిపడా మాటలుంటాయనుకుంది, చాలా శుక్రవారాలు ఎండ ఎలా ఉంది, కుట్టుపని ఎలా ఉంది అన్నదాంతోనే అయిపోయేవి. 2010 చివర్లో మానేసి చెన్నై వెళ్ళిపోయింది. అదే వీధిలో రెండు గదుల వాటా తీసుకుంది. పొద్దుటిపూట తల్లి బట్ట కత్తిరిస్తే ఈమె గుండీలు కుడుతుంది. పక్కవాటా ఆవిడను ఏమని పిలిచేదో అమ్మణ్ణి ఆ తర్వాత అడిగింది. తాయారుకు అప్పటికి ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.